ఆరో చాంబరు తలుపు

నాలుగుంపావుకి లేస్తాను.
బ్రాడీపేట నాలుగో లైనులో ఆ వేళకి
మెలకువగా ఉండే నేరస్తులం ఇద్దరమే,
పాల ప్యాకెట్ల కుర్రాడూ నేనూ.

గోడకి ఎదురుగా కూర్చుంటాను.
కిటికీ ఉంటే కథ బయటికి పోతుంది.
కాటా చీటీల వెనక, కార్బన్ మరక లేని వైపు,
రోజుకి పదకొండు చీటీలు.
పన్నెండోది రాస్తే మర్నాటికి ఏమీ మిగలదు.
వాక్యం మధ్యలో లేచిపోతాను
ఎవరో తలుపు కొట్టినట్టు.

ఏడున్నరకి ఏటుకూరు రోడ్డు, కోల్డ్ స్టోరేజీ.
రిజిస్టరు నాది. ఎవరి టిక్కీలు, ఏ చాంబరు, ఏ వరస, ఎన్ని.
తేజ, బాడిగ, నంబర్ ఫైవ్.
తాలు వేరే.

మొదటి మూడు నవలల్లో మనుషుల్ని తెగ చంపాను.
ఒకణ్ణి కొమ్మమూరు కాలవలో,
ఒకణ్ణి అమరావతి రోడ్డు లాడ్జీలో,
ఒకావిడని పెళ్ళివారి వంటశాలలో, పాపం, గరిటె చేతిలో ఉండగానే.
రత్నకుమారి బియ్యంలో రాళ్ళేరుతూ చదివింది.
"చంపినోడంటే నాకేం భయమెయ్యలా.
చంపి ఇంటికొచ్చి
పెరుగు పుల్లగా ఉందని పెళ్ళాం మీద విసుక్కున్నాడు చూడు,
అక్కడ వేసింది."
ఆ వాక్యం నేను పొరపాటున రాశాను.
ఆ రాత్రి పెరుగు వడ్డించుకోలేదు.

మళ్ళీ ఓనమాలు.
దాచడం రైతుల దగ్గర నేర్చుకున్నాను.
ధర రాలేదని ఆగుతాడు. ఇంకొంచెం ఆగుతాడు.
మరీ ఆగితే ఎరుపు వెలిసిపోతుంది,
యార్డులో ఎవడూ చెయ్యి పెట్టి చూడడు.
ఇరవయ్యో అధ్యాయం దాకా దాచిన నా రహస్యాన్ని
తీసి కుప్ప పోస్తే
సగం తాలు.

భయం మాత్రం ఆరో చాంబరు నేర్పింది.

నిరుడు శ్రావణంలో లెక్క తేడా వచ్చి లోపలికి వెళ్ళాను.
తలుపు పడింది. బల్బు పోయింది.
చీకటి, సరే. చలి, సరే.
ఘాటు ముక్కుపుటాల్లో గడ్డకట్టింది, అదీ సరే.
గంట నొక్కాను.
బయట చెప్పుల చప్పుడు వచ్చి ఆగింది.
తలుపు అవతల దగ్గు. నాగూరుది.
పదిహేనేళ్ళుగా ఎరిగిన దగ్గు.
తలుపు తెరుచుకోలేదు.

చాలాసేపటికి తెరిచి
"లోపలున్నారా సార్, చూసుకోలా" అన్నాడు.
టీ తెప్పించాడు. బిస్కెట్టు కూడా.
నేను థాంక్స్ చెప్పాను.

ఏడాదిగా నాగూరునే రాస్తున్నాను.
చిన్నప్పటి దెబ్బ ఒకటి ఇచ్చాను, అతకలేదు.
నా మీద పగ ఇచ్చాను (ఓసారి అతని అడ్వాన్సు కాయితం
వారం రోజులు నా సొరుగులో ఉండిపోయింది), అదీ అతకలేదు.
పిచ్చి ఇద్దామనుకుంటే
రత్నకుమారి చీటీ వెనక్కి తోసింది:
"పిచ్చోళ్ళకి అంత ఓపికుండదు."

మొన్న గురువారం, హమాలీలు అన్నాలకి వెళ్ళాక,
నాగూరు ఆరో చాంబర్లోకి వెళ్ళాడు.
తలుపు పడింది.
నేను వెయ్యలేదు. పడింది.
గంట మోగింది.
జేబులో చీటీ ఉంది, పెన్నూ ఉంది.
అధ్యాయం కోసమే కదా అనుకున్నాను.
గొళ్ళెం మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టాను.

పది దాకా నేను రచయితని.
ఇరవై దాకా, ఏమో.
ముప్పై దగ్గర గంట ఆగిపోయింది.
నాకు దగ్గొచ్చింది.

ఆ తరవాత ఎప్పుడో తెరిచాను.
"చూసుకోలా నాగూరూ" అన్నాను.
నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో.
అతను నా మొహం కేసి కాదు, చేతి కేసి చూశాడు.
టీ తెప్పించాను.
బిస్కెట్టు తినలేదు.

ఇవాళ పదకొండు చీటీలూ నిండాయి.
ఒక్క కొట్టివేత లేదు.
నాగూరుకి కారణం ఇక వెతకనక్కర్లేదు, తీసేశాను.
వంటింట్లో గిన్నె చప్పుడు. రత్నకుమారి లేచినట్టుంది,
కాసేపట్లో వచ్చి చెయ్యి చాపుతుంది, ఇటివ్వు చదువుతానని.
చీటీలు బోర్లించాను.
పన్నెండోది తీశాను, మొదటిసారి.
ముప్పై ఒకటి దగ్గర నాకు